రోడ్డు పక్క ఆరాధన: మొదటిసారి వచ్చేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం సాయంత్రం ఒడిశాలోని బరంపురం స్టేషన్ బయట, రావిచెట్టు కింద, పాతిక ముప్పై మందిమి కూర్చుని పాటలు పాడుకుని ప్రార్థన చేసుకుంటాం. అందులో ఇల్లున్నవాళ్లం ఏడెనిమిది మందిమే. మిగతావాళ్లు రాత్రికి అక్కడే ఎక్కడో గోనెపట్టా పరుచుకుని పడుకునేవాళ్లు. ఇచ్ఛాపురం నుంచి, సోంపేట నుంచి, పర్లాకిమిడి నుంచి "మేమూ ఒకసారి వస్తాం" అని ఫోన్లు వస్తుంటాయి. ఆ వెంటనే అవే సందేహాలు. చెప్పిందే చెప్పి గొంతు పోతోంది కాబట్టి రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న వెతుక్కోండి.

## బయల్దేరే ముందు

మేం క్రైస్తవులం కాదు. ఊరికే చూడ్డానికి రావచ్చా?

రావచ్చు. కానీ చూడ్డానికి అక్కడేమీ లేదు, వస్తే కూర్చోవాలి. కూర్చునేవాళ్లలో చాలామంది పుట్టుకతో క్రైస్తవులు కారు. పాట నచ్చి ఒకరు, నీడ ఉందని ఒకరు, పక్కవాడు కూర్చున్నాడని ఒకరు. ఒక తాత ప్రార్థన అయిపోగానే రెండు చేతులూ ఎత్తి "జగన్నాథా" అని దండం పెట్టుకుని లేస్తాడు. ఆయన్ని ఎవరూ సరిదిద్దరు. మీరూ కళ్లు మూసుకోవాలనీ మోకరించాలనీ ఏం లేదు.

ఒడిశాలో మతమార్పిడి చట్టం ఉంది కదా, ఇలా రోడ్డు మీద ప్రార్థన పెడితే కేసు అవ్వదా?

అందరికన్నా ఎక్కువమంది అడిగేది ఇదే. 2008 ఆగస్టులో అల్లర్లు జరిగిన కంధమాల్ మా పక్క జిల్లాయే, కాబట్టి భయం ఉండటంలో వింత లేదు. అయితే చట్టంలో ఏముందో తెలుసుకుని భయపడితే మేలు.

ఒడిశా మత స్వేచ్ఛ చట్టం 1967లో వచ్చింది. అది పాటనీ ప్రార్థననీ ఆపదు. బలవంతపెట్టి గానీ, ఆశ చూపించి గానీ, మోసం చేసి గానీ మతం మార్చడం నేరం అంటుంది. ఏడాది దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా. మైనర్లు, స్త్రీలు, ఎస్సీ, ఎస్టీల విషయంలో అయితే రెండేళ్లు, 10,000. ఈ చట్టం చెల్లుతుందని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక రాజ్యాంగం 25వ అధికరణ ఎవరి మతం వాళ్లు పాటించే, ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది, శాంతిభద్రతలకీ నీతికీ ఆరోగ్యానికీ లోబడి.

ఆ చట్టంలో రెండు మాటలకి ఇచ్చిన అర్థాలు మాత్రం గుర్తుంచుకోండి. "ఆశ చూపడం" అంటే డబ్బొక్కటే కాదు, వస్తువైనా మరే లాభమైనా అందులోకే వస్తుంది. "బలవంతం" అంటే చెయ్యి చేసుకోవడమే కాదు, దేవుడి కోపం తగులుతుందని బెదిరించడం కూడా. అందుకే మా దగ్గర నరకం గురించి గొంతు చించుకునే ప్రసంగాలుండవు. నన్నడిగితే చట్టం లేకపోయినా ఉండకూడదు. పుష్యమాసం చలిలో దుప్పటి లేకుండా పడుకునేవాడికి అగ్నిగుండం కథ చెప్తే దగ్గరికి జరుగుతాడు గానీ భయపడతాడా!

పోలీసులకి చెప్పాలా? మైకు ఉంటుందా?

కూడిక పెట్టేవాళ్లు ఠాణాలో ఒక కాగితం ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకుంటే మంచిది. మేం అలాగే చేశాం. వచ్చే మీరు ఎవరికీ చెప్పక్కర్లేదు. మైకు వాడం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకరుకి రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా అసలే కుదరదు, ఆసుపత్రికి వంద మీటర్ల లోపల ఎప్పుడూ కుదరదు. ఒక డోలక్, ఒక జత తాళాలు, అంతే. ప్లాట్‌ఫారం మీద కూర్చుంటే, అనుమతి లేకుండా రైల్వే జాగాలోకి రావడం నేరమనే రైల్వే చట్టం 147వ సెక్షను ఉంది, కాబట్టి ఎంత ఎండైనా వానైనా స్టేషన్ ఆవరణ బయటే.

మాకు ఒడియా రాదు, ఏం అర్థమవుతుంది?

బరంపురం ఉన్న గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాష్ట్రంలోదే. బరంపురంలో తెలుగు వినపడని వీధి తక్కువ. ఒక పాట తెలుగు, ఒక పాట ఒడియా. వాక్యం (బైబిలు మీద ప్రసంగం) చెప్పేవారు తెలుగులో రెండు మాటలు చెప్తే పక్కన ఒకరు ఒడియాలో చెప్తారు. రెండు ముక్కలు నేర్చుకుని రండి చాలు: "బసంతు" అంటే కూర్చోండి, "ఖాయిలే కి?" అంటే తిన్నారా. ఈ రెండోది మీరు అడిగేలోపు వాళ్లే మిమ్మల్ని అడుగుతారు.

ఏం కట్టుకుని రావాలి?

చర్చికి వెళ్లినట్టు తెల్లచీర, తెల్లచొక్కా మాత్రం వద్దు. నేల మీద కూర్చోవాలి, అక్కడ పాన్ మరకలుంటాయి, కుక్కలు పడుకుంటాయి. ఇస్త్రీ నలుగుతుందని గొంతుక్కూర్చుంటే గంటసేపు కూర్చోలేరు. నగలు వద్దు. ఎవరో లాక్కుపోతారని కాదు, మీ చెయ్యి మాటిమాటికీ మెడ దగ్గరికి పోతుంది, అది పక్కనున్నవాళ్లు చూస్తారు. ముసుగు వేసుకునే అలవాటున్న ఆడవాళ్లు వేసుకోండి, లేనివాళ్లు మానేయండి. నీళ్ల సీసా తెచ్చుకోండి.

పిల్లల్ని తీసుకురావచ్చా?

తీసుకురండి. కానీ వాళ్లకి ముందే ఒక మాట చెప్పండి: ఎవరి మూటా ముట్టుకోకూడదని. ఆ మూటలో పటం, దుప్పటి, ఆధార్ జిరాక్సు, మందుచీటీ, ఒక మనిషి సంసారం అంతా ఉంటుంది. చిప్స్ ప్యాకెట్లు చేతికివ్వకండి. అక్కడ పిల్లలుంటారు.

వీళ్లంతా ఎవరు? ఏదో పని చేసుకుని గది తీసుకోవచ్చు కదా?

చాలామంది పని చేసేవాళ్లే. రిక్షా తొక్కేవాళ్లు, పెళ్లిళ్లకి గిన్నెలు కడిగేవాళ్లు, చిత్తుకాగితాలు ఏరేవాళ్లు, మార్కెట్లో బస్తాలు దింపేవాళ్లు. రోజుకూలీ వస్తుంది, గదికి అడ్వాన్సు పోగవదు. పెద్దాసుపత్రికి మనిషిని తెచ్చి, ఆ మనిషి పోయాక ఊరికి వెళ్లలేక ఉండిపోయినవాళ్లు ఇద్దరున్నారు. కొడుకు రైలెక్కించి పంపేసిన ముసలమ్మలున్నారు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్లు 17.7 లక్షల మంది. రాత్రి పూట ఎక్కడెక్కడో పడుకునేవాళ్లని లెక్కపెట్టడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

నగరాల్లో లక్ష జనాభాకి ఒక ఆశ్రయ గృహం ఉండాలని కేంద్ర పథకం. ఉన్నచోట కూడా అందరూ వెళ్లరు. భార్యాభర్తల్ని విడదీస్తారని, మూట పోతుందని, తెల్లారుజామున కూలి అడ్డాకి దూరమని.

ఒక సంగతి చూడండి. రెండేళ్లకోసారి ఠకురాణి జాతర వచ్చినప్పుడు మా కూడికలో సగం మంది కూడా ఉండరు. ఊరంతా పనులు దొరుకుతాయి, అందరూ అక్కడే.

## అక్కడికి చేరాక

చెప్పులు విప్పాలా?

ఇది చిన్న ప్రశ్నలా ఉంటుంది గానీ నేను మొదట తడబడింది ఇక్కడే. చర్చి అలవాటు కొద్దీ చెప్పులు దూరంగా విప్పి వచ్చి కూర్చున్నాను. పక్కనున్న మనిషి లేచి వెళ్లి, నా చెప్పులు తెచ్చి, మట్టి దులిపి నా తొడ కింద పెట్టాడు. వాళ్లు రాత్రి చెప్పులు తలకింద పెట్టుకుని పడుకుంటారు. చెప్పు పోతే మర్నాడు తారురోడ్డు మీద పని లేదు. విప్పండి, పక్కనే పెట్టుకోండి.

మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేం. కుర్చీ ఉంటుందా?

రెండు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. అవి అక్కడ పడుకునే ముసలివాళ్లవి. ఖాళీగా ఉంటే కూర్చోండి. లేకపోతే చెట్టు చుట్టూ సిమెంటు గట్టు ఉంది, దాని మీద కూర్చోవచ్చు. "అతిథులు" అని ముందు వరస ఏదీ లేదు, వచ్చినవాళ్లంతా ఒకచోట గుంపుగా మాత్రం కూర్చోకండి.

వాళ్లని ఏమని పిలవాలి?

తెలుగువాళ్లయితే తాతా, మామ్మా, బాబాయ్, అప్పా అని వయసుని బట్టి. ఒడియావాళ్లయితే మావుసీ (పిన్ని), మావుసా (బాబాయి), భాయినా (అన్నయ్య). "బ్రదర్", "సిస్టర్" అన్నా తెలుస్తుంది గానీ అందులో కొంచెం బడి వాసన వస్తుంది. ఎంత మురికిగా ఉన్నా ఎవరినీ "నువ్వు" అని మొదలుపెట్టకండి. వాళ్లు మిమ్మల్ని "బాబూ" అంటే చనువు, మీరు వాళ్లని "ఏయ్" అంటే రోడ్డు మీద రోజంతా వినే మాటే మళ్లీ.

ఎందుకిలా అయిందని అడగొచ్చా?

మొదటి రోజు అడక్కండి. వాళ్లే చెప్తే వినండి. ఇదే కథ పోయిన వారం వేరేలా చెప్పారని పట్టుకోకండి. వాన, రైళ్లు, క్రికెట్, దోమలు, కూరగాయల ధరలు, మాట్లాడుకోడానికి బోలెడున్నాయి.

## ఆరాధన జరుగుతుండగా

ఏ క్రమంలో సాగుతుంది? ఎంతసేపు?

గంట, గంటంబావు. రెండు మూడు పాటలు, ఒక ప్రార్థన, బైబిల్లోంచి ఒక చిన్న భాగం, దాని మీద పది నిమిషాల వాక్యం, ఎవరైనా చెప్పుకుంటే సాక్ష్యం (దేవుడు తమకేం చేశాడో చెప్పడం), అందరి అవసరాల కోసం ప్రార్థన, ఆశీర్వాదం. మధ్యలో స్టేషన్‌లో అనౌన్సుమెంటు మొదలైతే అయ్యగారు (పాస్టరు) ఆగిపోతారు. గూడ్సు బండి పోతే అది పూర్తిగా పోయేదాకా అందరం ఊరుకుంటాం. ఆ రెండు నిమిషాలూ నాకు ఎందుకో ఇష్టం.

అవసరాలు చెప్పుకునేటప్పుడు వినండి. "దేశం కోసం, ప్రభుత్వం కోసం" అని మనవాళ్లు మొదలుపెడతారు. వాళ్లు "నా దుప్పటి తడిసింది", "కాంట్రాక్టరు మూడ్రోజుల కూలి ఎగ్గొట్టాడు", "కుక్కపిల్ల కనపడ్డం లేదు" అంటారు. కుక్కపిల్ల కోసం కూడా పేరు పెట్టి ప్రార్థన చేస్తారు. నవ్వకండి.

ఎవరైనా తాగి వచ్చి గొడవ చేస్తే?

వస్తారు. మీరు లేవకండి, తొయ్యకండి. అక్కడివాళ్లలోనే ఒకరు భుజం మీద చెయ్యేసి పక్కన కూర్చోబెడతారు. చాలాసార్లు ఆ వచ్చినవాడే అందరికన్నా గట్టిగా పాడతాడు.

సాక్ష్యం చెప్పమంటే ఏం చెప్పాలి?

వద్దంటే ఎవరూ బలవంతం చెయ్యరు. చెప్తే రెండు నిమిషాలు. ఒకాయన లేచి, దేవుడు తమకి రెండంతస్తుల ఇల్లు ఎలా కట్టించాడో, గృహప్రవేశానికి ఎంతమంది వచ్చారో, టైల్స్ ఎక్కడివో అన్నీ చెప్పాడు. ఎదురుగా ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లు ముప్పై మంది. ఎవరూ ఏమీ అనలేదు. ఒక మామ్మ మాత్రం "మంచిది బాబూ, తలుపులు గట్టిగా వేసుకోండి" అంది. దీవెనో దెప్పో నాకు ఇప్పటికీ తెలీదు.

బల్ల (ప్రభురాత్రి భోజనం) ఉంటుందా? మేం తీసుకోవచ్చా?

నెలకోసారి, అయ్యగారు వచ్చిన ఆదివారం. బాప్తిస్మం పొందినవాళ్లు ఏ సంఘం వాళ్లయినా తీసుకోవచ్చు. రొట్టె, ద్రాక్షరసం, చిన్న గిన్నెలు. తీసుకోనివాళ్లు ఎందుకు తీసుకోలేదని ఎవరూ అడగరు. మీ సంఘంలో పద్ధతి వేరైతే మీ పద్ధతే పాటించండి.

కానుక పడతారా?

పట్టేవాళ్లం కాదు. ఇల్లు లేనివాళ్ల దగ్గర కానుక ఏంటని మా ఆలోచన. ఒక మావుసీ దెబ్బలాడింది, "మేం చర్చికి రాలేదా ఏంటి?" అని. అప్పట్నుంచి ఒక స్టీలు డబ్బా చెట్టు మొదట్లో పెడుతున్నాం. మొదటిరోజు ఆవిడ కొంగుముడి విప్పి పది నోటు వేసింది. వేసి, డబ్బాలో చెయ్యిపెట్టి ఎనిమిది రూపాయలు చిల్లర ఏరుకుని, రెండుసార్లు లెక్కపెట్టుకుని మళ్లీ ముడేసుకుంది. మీరు వేసేటప్పుడు నోట్లు కనపడేలా వెయ్యకండి.

ఎవరైనా బాప్తిస్మం కావాలని అడిగితే?

మీరు ఏ మాటా ఇవ్వకండి, అయ్యగారితో మాట్లాడమని చెప్పండి. ఒడిశాలో 1989 నియమాల ప్రకారం మతం మారే మనిషి మేజిస్ట్రేటు ముందు తన ఇష్టంతోనే అని చెప్పాలి, ఆ కార్యక్రమం జరిపించేవారు ముందుగా జిల్లా మేజిస్ట్రేటుకి తెలియజేయాలి. అది అలా ఉంచండి, ఆకలితో ఉన్న మనిషి ఒక్క సాయంత్రంలో తీసుకున్న నిర్ణయాన్ని పట్టుకుని ఊరేగడం ఎవరికీ మంచిది కాదు. నెలల తరబడి ఆగుతాం.

వీడియో తీసి స్టేటస్ పెట్టుకోవచ్చా?

వద్దు. అక్కడ ఇంట్లోంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్లున్నారు, అప్పులవాళ్లకి దొరక్కుండా ఉన్నవాళ్లున్నారు, ఊళ్లో హోటల్లో పనిచేస్తున్నానని పిల్లలకి చెప్పినవాళ్లున్నారు. డోలక్ ఫోటో, చెట్టు ఫోటో మీ ఇష్టం.

## భోజనం దగ్గర

భోజనం ప్రార్థనకి ముందా, తర్వాతా?

రెండూ కాదు. మేం అన్నం పెట్టేది బుధవారం, ప్రార్థన ఆదివారం.

ముందు ఆదివారమే, ఆశీర్వాదం కాగానే ప్రేమవిందు అని పెట్టేవాళ్లం. చర్చిలో చేసినట్టే కదా అనుకున్నాం. కొన్నాళ్లకి చూస్తే జనం పాట మొదలయ్యేటప్పుడు కాదు, అన్నం బకెట్టు దిగేటప్పుడు వచ్చి కూర్చుంటున్నారు. అందులో తప్పేం లేదు, ఆకలి వాళ్లది. తప్పు మాది. ప్రార్థన కాస్త సాగితే చూపులన్నీ బకెట్టు మీదే. ఒకతను నా చెవిలో అడిగాడు, "ఇంకెన్ని పాటలు పాడితే పెడతారు?" అని. ఆ మాట తర్వాత నాకు ఆ పూట అన్నం దిగలేదు.

రోజు మార్చాక ఆదివారం మంది తగ్గారు. అరవై నుంచి ముప్పైకి వచ్చాం. చట్టం దృష్ట్యా కూడా ఇదే క్షేమం, కానీ మేం మార్చింది అందుకు కాదు. బుధవారం అన్నం, దాల్మా (కూరగాయలు వేసిన ఒడియా పప్పు), ఒక వేపుడు. ఆ రోజు పాట లేదు, ప్రార్థన లేదు, కరపత్రం లేదు. వడ్డించేవాళ్లలో ముగ్గురు అక్కడ పడుకునేవాళ్లే.

మేం ఏమైనా పట్టుకురావచ్చా?

ఆదివారం ఏమీ వద్దు. నా అనుభవం చెప్తా. మొదట్లో ఒకసారి నాలుగు డజన్ల అరటిపళ్లు తెచ్చి, పాట మధ్యలోనే పంచడం మొదలెట్టాను. అయిదు నిమిషాల్లో రోడ్డు అవతలివాళ్లు కూడా పరుగెత్తుకొచ్చారు, పళ్లు చాలలేదు, ఇద్దరు తన్నుకున్నారు, డోలక్ పగిలింది. ఆ సాయంత్రం ఇక ప్రార్థన లేదు. ఇవ్వాలనుంటే ముందు ఫోన్ చేసి, బుధవారానికి ఇవ్వండి. ఎక్కువగా కావలసినవి: దోమతెర, లుంగీలు, శానిటరీ ప్యాడ్లు, టార్పాలిన్ ముక్కలు. పాతచీరలు ఇప్పటికే చాలా ఉన్నాయి.

డబ్బులడిగితే ఏం చెయ్యాలి?

"ఇప్పుడు లేవు మావుసా" అని కళ్లలోకి చూసి చెప్పండి. జేబు తడుముకునే నాటకం వాళ్లకి తెలిసిపోతుంది. ఆకలి అంటే, 2015 నుంచి ఒడిశా పట్టణాల్లో నడుస్తున్న ఆహార్ కేంద్రాల్లో అయిదు రూపాయలకే మధ్యాహ్నం అన్నం, దాల్మా పెడతారు. మధ్యాహ్నం వేళైతే అక్కడికి వెంట తీసుకెళ్లండి, మీరూ తినండి. బాగుంటుంది.

## ఆ తర్వాత

పక్కన కూర్చుంటే జబ్బులు అంటుకోవా?

కుష్టు గురించే ఎక్కువమంది లోపల్లోపల భయపడతారు. అది చేత్తో తాకితే వచ్చేది కాదు. మందు వాడని రోగితో చాలాకాలం దగ్గరగా మెలిగితేనే వస్తుంది, మందు మొదలుపెట్టాక అంటుకునే గుణం పోతుంది. ప్రభుత్వాసుపత్రిలో మందు ఉచితం, రకాన్ని బట్టి ఆరు నెలలు లేదా ఏడాది. వేళ్లు పోయిన చెయ్యి మీ ముందుకొస్తే కరచాలనం చేయండి, అది ఎప్పుడో నయమైపోయిన మనిషి చెయ్యి అయ్యుండొచ్చు.

క్షయ గాలి ద్వారా వస్తుంది. అయితే ఆరుబయట, గాలి ఆడేచోట, గంటసేపు కూర్చుంటే ప్రమాదం చాలా తక్కువ. రెండు వారాలు దాటి దగ్గుతున్నవాళ్లు కనపడితే మాకు చెప్పండి. కళ్లె పరీక్ష, మందులు ఉచితం, పోషకాహారానికి 2024 నవంబరు నుంచి నెలకి వెయ్యి రూపాయలు ఇస్తున్నారు. తిరకాసు ఏంటంటే ఆ డబ్బుకి బ్యాంకు ఖాతా కావాలి.

ఎవరైనా స్పృహ లేకుండా పడి ఉంటే, మతి స్థిమితం లేకుండా తిరుగుతుంటే?

పడి ఉంటే 108. "తాగి పడున్నాడు" అని మీరు తీర్పు చెప్పకండి. షుగరు పడిపోయినా అలాగే ఉంటుంది. మతి స్థిమితం లేకుండా తిరిగేవాళ్ల విషయంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పోలీసులకి బాధ్యత పెట్టింది: రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ వైద్యశాలకి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. సలహాకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ లైను టెలి మానస్ 14416. ఒంటరిగా పిల్లలు కనపడితే 1098. దయ్యం పట్టిందని తలమీద చెయ్యిపెట్టి కేకలు మాత్రం వెయ్యకండి. ఒకసారి బయటినుంచి వచ్చినవాళ్లు వేశారు. ఆ అమ్మాయి మళ్లీ ఆ చెట్టు దాపుకి రాలేదు.

ఒకరిని మా ఇంట్లో పనికి పెట్టుకుంటాం, పంపుతారా?

పంపడానికి వాళ్లు మా మనుషులు కారు. వాళ్లనే అడగండి, జీతం ఎంతో ముందే చెప్పండి. "తిండి పెడతాం, పడుకోడానికి చోటిస్తాం" అన్నది జీతం కాదు.

వానొస్తే, తుఫాను వస్తే?

మామూలు వానకి టార్పాలిన్ కట్టుకుంటాం. తుఫాను హెచ్చరిక ఉంటే కూడిక లేదు, అందర్నీ బడికో ఆశ్రయ గృహానికో చేర్చే పని ఉంటుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తీరం దాటింది మా పక్కనున్న గోపాల్‌పూర్ దగ్గరే. 2018 అక్టోబరులో తిత్లీ. అక్టోబరు నెలలో వచ్చేవాళ్లు బయల్దేరే ముందు ఒక ఫోన్ చేసి రండి.

ఒక్కసారి వచ్చి మళ్లీ రాకపోతే ఏమైనా అనుకుంటారా?

రాకపోతే ఏమీ అనుకోరు. వస్తానని చెప్పి రాకపోతే అనుకుంటారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు, చూపు ఆనని మావుసీతో "వచ్చే ఆదివారం కళ్లజోడు తెస్తాను" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. మూడు ఆదివారాలు ఆవిడ తన పక్కన గోనెపట్టా మడత విప్పి, చోటు ఉంచి కూర్చుంది. నాలుగో వారం మేమే పరీక్ష చేయించి కొనిచ్చాం. పెట్టుకుని అటూ ఇటూ చూసి, "ఆ బాబు పంపించాడా?" అని అడిగింది.

వేసవిలో అయిదున్నరకి, చలికాలంలో నాలుగున్నరకి మొదలవుతుంది.